దారిలోని పలకరింపు

మానవుడు సంఘజీవి అన్న వాక్యాన్ని మన విద్యార్థులు పరీక్షాపత్రాలలో తరచుగా వ్రాస్తూనే ఉంటారు. దాని భావం 2020 మార్చి 25న దేశమంతటా తలుపులు మూతపడిన తరువాత గాని మనలో పలువురికి బోధపడలేదు. బంధుమిత్రులతో సంభాషణ ఆనాడు ఆగలేదు. ఫోను ఉన్నది, తెరమీద ముఖాలున్నవి. ఆగిపోయినది వేరొకటి. పేరైనా సరిగా తెలియని వారితో రోజుకు పదిమార్లు జరిగే రెండు మాటల పలకరింపు ఆగిపోయినది.

పెనుగొండ వంటి ఊరిలో ఆ పలకరింపు విలువ మహానగరవాసులకు చెప్పినా తెలియదేమో. కాలువగట్టు మీద సైకిలు దిగి "మీవైపు కోతలైనాయా?" అని అడిగే రైతు, వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయానికి పొరుగు రాష్ట్రాలనుండి వచ్చి దారి అడిగే యాత్రికుడు, టీ దుకాణంలో వార్తాపత్రిక నడిమి పుట మనకిచ్చి మిగిలినది తాను చదువుకొనే పెద్దమనిషి - వీరెవరూ మన ఇంటికి రారు, మనమూ వారింటికి పోము. వారి ఫోను నంబరు మనవద్ద ఉండదు. ఉన్నా, చేసి ఏమని అడుగుతాము? అటువంటి స్నేహం ఎదురుపడితేనే ఉంటుంది.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రకటించిన ఒక వ్యాసంలో ఈ పలుచని పరిచయాల బలాన్ని వివరించాడు. ఆప్తులకు తెలిసినది సాధారణంగా మనకూ తెలిసినదే. కొత్త కబురు, ఉద్యోగపు వార్త దూరపు పరిచయస్థుల ద్వారానే చేరే అవకాశం ఎక్కువ అని ఆయన వాదం. ఇస్లాం మర్యాదలో ఈ పరిచయాలకు ఎంతో పూర్వమే చోటు దొరికింది. వాహనంపై పోవువాడు నడచువానికి, నడచువాడు కూర్చున్నవానికి, కొద్దిమంది ఎక్కువమందికి ముందుగా సలాము చెప్పాలని ప్రవక్త (స) బోధ. తెలిసినవారికే గాక తెలియనివారికీ చెప్పమన్నారు. ఇది ఇంటి మర్యాద కాదు, వీధి మర్యాద.

అందువలన నాటి గృహనిర్బంధం తప్పని నా అభిప్రాయం కాదు. మహమ్మారి ఉన్న ఊరికి పోవద్దు, అది వచ్చిన ఊరు విడిచి పోవద్దు అన్నదీ ఆ ప్రవక్త బోధే. 2020 మే 25న ఈద్ నమాజును ఇళ్ళలోనే చేసుకున్నాము. భుజానికి భుజం ఆనించి నిలిచే వరుస లేదు, నమాజు పిదప ఆలింగనం లేదు. జూన్ 8 నుండి ప్రార్థనాలయాలు తెరవడానికి అనుమతి వచ్చినా, మనిషికీ మనిషికీ నడుమ ఎడం ఉంచవలసి వచ్చింది. అవి ప్రాణరక్షణకు అవసరమైన నియమాలు. ఆపద గడచిన తరువాత కూడా ఆ ఎడాన్ని సౌకర్యం పేరిట మనం నిలుపుకొనడమే నాకు అభ్యంతరం.

ఇక మన కళాశాల సంగతి. ఉర్దూ తరగతి ఒక గదిలో, తెలుగు తరగతి మరొక గదిలో జరుగుతాయి. ఇరుభాషల విద్యార్థులూ కలిసేది వరండాలో, మంచినీళ్ళ దగ్గర. తెరమీది పాఠాల కాలంలో పాఠ్యభాగం ఏదో విధంగా పూర్తి అయినది; వరండా మాత్రం బొత్తిగా పోయినది. గంట ముగియగానే తెర ఆరిపోతుంది. మెట్లు దిగుతూ చెప్పుకొనే మాటలకు అక్కడ తావేది? దుకాణం, బజారు, ఖరీదు, కిరాయి, జవాబు, సలహా, తయారు - ఈ మాటలను తెలుగువానికి ఏ పంతులూ పాఠంగా చెప్పలేదు. అంగళ్ళలో, కచేరీలలో (కచేరీ అన్న మాటా అట్లా వచ్చినదే), బేరమాడుతూ, పరాచికాలాడుతూ జనం వాటిని ఇచ్చిపుచ్చుకున్నారు. మన వరండా ఆ బజారుకు చిన్న తమ్ముడు.

ఇప్పుడు ఒకే బల్లమీద ఇద్దరు విద్యార్థులు కూర్చుండి చెరొక ఫోనును చూచుకొనడం నిత్యం కనబడుతున్నది. వారిని మాత్రమే నిందించడం న్యాయం కాదు. గంటకూ గంటకూ మధ్య ఊపిరి తీసుకొనే వ్యవధి లేనప్పుడు, నిలబడి మాట్లాడడానికి నీడ లేనప్పుడు, చేతిలోని ఫోనే వారికి వరండా అవుతుంది. కళాశాల కార్యవర్గం వారు ఉదయపు విరామాన్ని మరి పది నిమిషాలు పెంచి, వరండాలో ఎదురెదురుగా నాలుగు బల్లలు వేయించవలెనని కోరుతున్నాను. పాఠాలకు కాలం తగ్గుతుందని సహోపాధ్యాయులు కొందరు ఆక్షేపించవచ్చును. ఆ పది నిమిషాలూ నా తెలుగు గంటలోనుండి తీసుకొనవచ్చును.