బొద్దింక ఎవరిది?

పోయిన సంచికలో సెక్యూరిటీ డిపాజిట్ గురించి రాస్తూ, "ఈ విషయంలో నేనూ ఒకసారి తప్పటడుగు వేయబోయాను, ఆ కథ ఇంకోసారి చెబుతాను" అన్నాను. ఆ తర్వాత ఏ పార్టీలో కనబడినా మిత్రులు ఆ కథేమిటని అడుగుతూనే ఉన్నారు. సరే, పరువు పక్కన పెట్టి చెప్పేస్తున్నాను. భోజనం చేస్తూ చదువుతుంటే మాత్రం కాసేపు ఆగి చదవండి. ఇది బొద్దింకల కథ.

న్యూజెర్సీలో మాకు రెండు వాటాల ఇల్లొకటి ఉంది. రెండూ అద్దెకే ఇస్తాం. పై వాటాలో రిటైరైన అమెరికన్ టీచరమ్మ ఎనిమిదేళ్ళుగా ఉంటున్నారు. కింది వాటాలో 2022 మార్చిలో మన తెలుగు జంట చేరింది. భార్యాభర్తలు, ఐదేళ్ళ పాప. తాళాలు ఇచ్చిన రోజు నేను పెద్దరికం వెలగబెడుతూ, "చూడమ్మా, మన వంటలంటే నూనె, పోపు తప్పవు. కిచెన్ శుభ్రంగా ఉంచుకోవాలి సుమా! బొద్దింకలు చేరాయంటే మరి డిపాజిట్ నా దగ్గరే ఉంది" అని నవ్వాను. వాళ్ళూ నవ్వారు. ఆ మాట నేను ఆ సాయంత్రానికే మర్చిపోయాను. వాళ్ళు మర్చిపోలేదు.

ఏప్రిల్‌లో వాళ్ళ ఫ్రిజ్ పాడైంది. కొత్తది కొనాలంటే వెయ్యి డాలర్లకు తక్కువ లేదు. ఒక గరాజ్ సేల్‌లో నూట యాభైకే శుభ్రంగా కనిపించిన ఫ్రిజ్ దొరికింది. ఒక మిత్రుడి ట్రక్కులో వేసుకొచ్చి పెట్టించాను. ఆ రాత్రి మా ఆవిడ దగ్గర నా బేరం గురించి అరగంట గొప్పలు చెప్పుకున్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు.

"అంకుల్, ఇంట్లో కాస్త బొద్దింకలు కనబడుతున్నాయండీ."

"కాస్త అంటే?"

"రాత్రిపూట కిచెన్‌లో లైటు వేస్తే... చాలానే ఉన్నాయి అంకుల్."

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మా ఇంట్లో ఇంతకు ముందు ఎప్పుడూ లేవే!" అవతలి వైపు నిశ్శబ్దం. ఫోన్ పెట్టేశాక లెక్కల పుస్తకం తీసి, వాళ్ళ పేరు పక్కన "బొద్దింకల ఖర్చు, డిపాజిట్‌లోంచి 400" అని పెన్సిల్‌తో రాసుకున్నాను కూడా. ఇల్లు చూడకుండానే తీర్పు అయిపోయింది.

తర్వాత మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి పొగ బాంబుల ప్యాకెట్ తెచ్చాను. వాళ్ళ ముగ్గురినీ ఫ్రెండ్స్ ఇంటికి పంపి, గదికొకటి పేల్చాను. సాయంత్రం వెళ్ళి చూస్తే నేల మీద ఇరవై దాకా చచ్చి పడున్నాయి. నాకు గర్వం. పది రోజులకు పై వాటా టీచరమ్మ ఫోన్ చేశారు. ఆవిడ బాత్రూమ్‌లో రెండు కనిపించాయట. పొగకు చెదిరి పైకెళ్ళాయో, ముందే వెళ్ళి ఉన్నాయో గానీ, ఒక వాటా సమస్య కాస్తా రెండు వాటాలదయింది.

"ఏమండీ, ఇకనైనా తెలిసినవాళ్ళను పిలుస్తారా, ఇల్లంతా బాంబులు వేస్తారా?" అంది మా ఆవిడ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ అతన్ని పిలిచాను.

అతను మందు తీయలేదు. టార్చిలైటు తీశాడు. సింకు కింద, డిష్‌వాషర్ పక్కన, అలమరా తలుపుల బందుల దగ్గర చూశాడు. చివరికి ఫ్రిజ్ ముందుకు లాగి, వెనక కింది భాగంలో మోటారుకు ఉండే అట్ట విప్పాడు. లోపల మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రెట్ట, విడిచిన పొట్టు, ఖాళీ గుడ్ల సంచులు. వెచ్చటి మోటారు చుట్టూ కాపురమే పెట్టేశాయి. తీరిగ్గా లేచి, "ఈ ఫ్రిజ్ ఎక్కడిది?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. నాదేనని చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

అప్పుడు ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. "మే నెలలోనే మొదటిది కనిపించింది అంకుల్. మీరు ఆ రోజు అలా అన్నారు కదా, మా మీదకే వస్తుందని భయపడ్డాం. రోజూ రాత్రి పాప పడుకున్నాక స్ప్రే కొట్టుకుంటున్నాం. జూలై నుంచి పాపకు దగ్గు తగ్గట్లేదు. ఇన్‌హేలర్ ఇచ్చారు. డాక్టరు గారు ఇంట్లో బొద్దింకలున్నాయా అని అడిగారు... లేవని చెప్పాను."

పరువు పోతుందని ఒక తల్లి డాక్టరుకు కూడా అబద్ధం చెప్పింది. ఆ భయం పెట్టింది నేను, నవ్వుతూ అన్న ఒక్క మాటతో. పాప దగ్గుకు కారణం బొద్దింకలేనని నేను చెప్పలేను, అది డాక్టర్లు తేల్చాలి. కానీ డాక్టరుకు అందాల్సిన సమాచారం అందకుండా పోయింది. 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, అమెరికా నగరాల్లోని పేద పేటల్లో ఆస్తమా ఉన్న పిల్లలను చూశారు. బొద్దింక అలర్జీ ఉండి, పడకగదిలో ఆ అలర్జీ పదార్థం ఎక్కువగా ఉన్న పిల్లలు, మిగతావాళ్ళ కంటే మూడు రెట్లకు పైగా ఆస్పత్రిలో చేరారని తేలింది. ఆ రాత్రి అది చదివాక పుస్తకం తీసి, పెన్సిల్‌తో రాసిన 400 చెరిపేశాను. మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "డాక్టరు గారికి నిజం చెప్పమ్మా, తప్పు నాది" అన్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇళ్ళలో ఇంతగా పెరిగేది ఎక్కువగా జర్మన్ బొద్దింక. అరంగుళం పొడవు, లేత గోధుమ రంగు, తల వెనక రెండు నల్లటి చారలు. ఆడది ఒక్కో సంచిలో ముప్పై నుంచి నలభై గుడ్లు పెట్టి, అవి పొదిగే దాకా ఆ సంచిని తనతోనే మోసుకు తిరుగుతుంది. పిల్ల పెద్దదవడానికి రెండు మూడు నెలలు చాలు. ఇప్పుడు మే నుంచి ఆగస్టు దాకా లెక్క వేసుకోండి! దాచిన ప్రతి వారం వాటికి లాభమే.

పొగ బాంబు ఎందుకు పనిచేయలేదు? మందు గది మధ్యలో నేల మీద, బల్లల మీద పడుతుంది. బొద్దింకలుండేది సందుల్లో. 2019లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు అపార్ట్‌మెంట్లలో పరీక్షించి చూస్తే, ఆ బాంబులు జర్మన్ బొద్దింకలను తగ్గించలేకపోయాయి. పైగా మనుషులు తిరిగే చోట మందు మిగిలిపోయింది. అదే జెల్ ఎర పెట్టిన ఇళ్ళలో బాగా తగ్గాయి.

మా ఇంటికి వచ్చినతను చేసిందీ అదే. బందుల దగ్గర, పైపులు గోడలోకి వెళ్ళే చోట, స్టవ్ వెనక పెసరగింజంత జెల్ చుక్కలు పదుల కొద్దీ పెట్టాడు. బొద్దింక అది తిని తన సందులోకి వెళ్ళి చస్తుంది. దాని రెట్ట, శవం తిన్నవీ చస్తాయి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టొద్దని గట్టిగా చెప్పాడు, కొడితే ఎర దగ్గరికే రావు. రెండు వాటాల్లోనూ ఒకే రోజు పెట్టాడు. రెండు వారాలకొకసారి చొప్పున మూడుసార్లు వచ్చాడు. ఫ్రిజ్ పారేయించాడు. ఎవరూ తీసుకెళ్ళకుండా దాని మీద పెద్ద అక్షరాలతో "బొద్దింకలున్నాయి" అని రాయించాడు కూడా. మొత్తం ఆరువందల ఇరవై డాలర్లు, కొత్త ఫ్రిజ్ వేరే. నూట యాభై డాలర్ల బేరం అక్కడికి తేలింది.

చట్టం ఏమంటుందని అడుగుతారు. 1970లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు మరీని వర్సెస్ ఐర్లండ్ కేసులో, అద్దెకిచ్చిన ఇంటిని నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత యజమానిదేనని చెప్పింది. అందులో గొడవ పగిలిన టాయిలెట్ గురించి. ఓనరు పట్టించుకోకపోతే అద్దెకున్నావిడ 85 డాలర్ల 72 సెంట్లు పెట్టి బాగు చేయించుకుని అద్దెలో మినహాయించుకున్నారు, కోర్టు సరే అంది. 1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని ఒప్పుకున్న గ్రీన్ కేసులో ఎలుకలు, బొద్దింకలే ఉన్నాయి. ఇక డిపాజిట్ అన్యాయంగా పట్టుకుంటే న్యూజెర్సీలో రెట్టింపు కట్టాల్సి వస్తుందని పోయిన సంచికలోనే రాశాను. వివరాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి కనుక మీ రాష్ట్రంలో లాయరును అడగండి.

నా అనుభవంతో ఓనర్లకు నాలుగు మాటలు:

ఒకటి, ఫిర్యాదు వస్తే ముందు "ఎవరి వల్ల?" అని అడగకండి, "ఎక్కడెక్కడ, ఎప్పటి నుంచి?" అని అడగండి. ఒకటి రెండు రోజుల్లో ముందుగా చెప్పి వెళ్ళి, జిగురు అట్టలు పెట్టి చూడండి. ఏ అట్ట మీద ఎక్కువ పడితే కాపురం ఆ పక్కనే ఉన్నట్టు.

రెండు, గోడ పంచుకునే వాటాలన్నింటికీ ఒకేసారి వైద్యం చేయించండి. ఒక్క వాటాకు చేయిస్తే డబ్బు దండగ.

మూడు, సొంతంగా మందు కొట్టకండి. అద్దె ఇంట్లో మందు వాడడానికి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు కావాలి. డబ్బా మీద రాసిన దానికి భిన్నంగా వాడటం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు.

నాలుగు, నీరు కారే పైపులు బాగు చేయించండి, సందులు మూయించండి. చచ్చిన వాటిని, రెట్టను ఊడ్చకుండా హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో తీయించి తుడిపించండి. అవి చచ్చినా అలర్జీ చావదు. ఇక పాత ఫ్రిజ్‌లు, మైక్రోవేవ్‌లు చవగ్గా దొరికినా నాలాగా మురిసిపోకండి!

అద్దెకున్నవాళ్ళు చేయాల్సిందీ ఉంది. రాత్రికి సింకులో గిన్నెలు ఉంచొద్దు, చెత్త ఉంచొద్దు, అట్టపెట్టెలు పోగు చేయొద్దు. శుభ్రత లేకపోతే ఎర కూడా సరిగా పనిచేయదు. కానీ ఎంత శుభ్రంగా ఉన్న ఇంట్లోకైనా అవి ఒక పెట్టెలోనో, ఫ్రిజ్‌లోనో రాగలవు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కనిపించిన రోజే రాతపూర్వకంగా ఓనరుకు చెప్పండి.

ఇంకొక్క మాట. 2024లో శాస్త్రజ్ఞులు జన్యువులు పరిశీలించి, ఈ "జర్మన్" బొద్దింక పుట్టింది జర్మనీలో కాదని తేల్చారు. సుమారు 2,100 ఏళ్ళ కిందట ఇండియాలోనో, మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి వచ్చిందట. ఇది చదివి మా ఆవిడ, "అయితే అదీ మనలాగే వలస వచ్చిందన్నమాట" అంది. ఎవరింట్లో పుట్టిందో ఎవరి పేరు పెట్టారో చూడండి! నేను ఫోన్‌లో చేసిందీ అదే కదా.

ఆ ఏడాది నవంబరుకల్లా జిగురు అట్టలు ఖాళీగా ఉన్నాయి. ఆ కుటుంబం ఇంకో రెండేళ్ళు ఉండి, సొంత ఇల్లు కొనుక్కుని వెళ్ళింది. డిపాజిట్ వడ్డీతో సహా పూర్తిగా ఇచ్చాను. ఇప్పుడు తాళాలిచ్చే రోజు జోకులు వేయడం మానేశాను. ఒక కాగితం ఇస్తాను. అందులో మొదటి వాక్యం ఇది: "పురుగు కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయండి. ఖర్చు నాది."

వచ్చే సంచికలో శీతాకాలం, గడ్డకట్టే పైపుల గురించి మాట్లాడుకుందాం. ఈలోగా మీ అద్దె ఇంటి ఫ్రిజ్ వెనక ఒకసారి టార్చి వేసి చూడండి.