పార్కిన్సన్స్: స్కాన్‌లో వెలుగు తగ్గితే జబ్బు ముదిరినట్టేనా? సైంటిస్టులనే తికమక పెట్టిన రిపోర్ట్!

చేయి వణుకుతోంది, నడక తడబడుతోంది. డాక్టర్ పార్కిన్సన్స్ అని చెప్పి మందు మొదలుపెట్టారు. ఏడాది గడిచేసరికి ఇంట్లోవాళ్లకి వచ్చే డౌట్ ఒక్కటే.. జబ్బు ఎంత ముదిరింది? ఇంకోసారి బ్రెయిన్ స్కాన్ తీయిస్తే తెలిసిపోతుంది కదా? షుగర్‌కి ఉన్నట్టు దీనికీ ఒక నంబర్ ఉంటే బాగుండు అనుకోవడం సహజమే. కానీ ఈ విషయంలో స్కాన్ సైంటిస్టులనే తికమక పెట్టింది.

ముందు ఈ స్కాన్ ఏం చూస్తుందో తెలియాలి. మామూలు ఎంఆర్ఐలో పార్కిన్సన్స్ సాధారణంగా కనపడదు. స్ట్రోక్, గడ్డ లాంటివి కాదని తేల్చుకోవడానికే అది. పార్కిన్సన్స్ కోసం తీసేది వేరే. కొద్దిపాటి రేడియోధార్మిక మందును నరంలోకి ఎక్కించి, మెదడులో డోపమైన్ నరాల కొసలు ఎన్ని మిగిలాయో చూస్తారు. అమెరికాలో డాట్‌స్కాన్ పేరుతో దీనికి 2011లో అనుమతి వచ్చింది. మన దగ్గర పెద్ద నగరాల్లో ట్రోడాట్, ఎఫ్-డోపా పెట్ స్కాన్‌లు తీస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మెదడులో రెండు వైపులా కామా గుర్తుల్లా వెలుగు కనిపిస్తుంది. జబ్బు వస్తే కామా తోక చెరిగిపోయి ఫుల్‌స్టాప్‌లా మిగులుతుంది. ఎడమ చేయి ముందుగా వణికితే, కుడివైపు తోక ముందుగా పోతుంది.

మామూలు వణుకా, పార్కిన్సన్స్ తరహా జబ్బా అని తేల్చడానికి ఇది బాగా పనికొస్తుంది. తేడా వచ్చేదల్లా ఏడాదికో స్కాన్ తీసి, ప్రోగ్రెస్ రిపోర్ట్‌లా పక్కపక్కన పెట్టినప్పుడే.

మందే ముంచుతోందా?

2004లో ఓ పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 361 మంది కొత్త పేషెంట్లలో కొందరికి లెవోడోపా, కొందరికి డమ్మీ మాత్ర ఇచ్చారు. మన మెడికల్ షాపుల్లో సిండోపాగా దొరికే మాత్రలో ప్రధానంగా ఉండేది ఈ లెవోడోపానే. 40 వారాలయ్యాక మందు ఆపి, ఇంకో రెండు వారాలు ఆగి పరీక్షించారు. లెవోడోపా వాడినవాళ్ల పరిస్థితే మెరుగ్గా ఉంది. కానీ 142 మందికి తీసిన స్కాన్‌లు చూస్తే సీన్ రివర్స్. మందు వాడినవాళ్లలోనే వెలుగు ఎక్కువగా తగ్గింది!

మనిషి బాగున్నాడు, స్కాన్ బాలేదు. మరి దేన్ని నమ్మాలి? లెవోడోపా నరకణాలను దెబ్బతీస్తుందేమో అన్న అనుమానం అప్పటికే ఉంది. ఈ స్కాన్‌లు దానికి ఇంకాస్త బలం ఇచ్చాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేక, అన్నం కలుపుకోలేక అవస్థ పడుతూ కూడా ‘ఇప్పుడే ఆ మాత్ర వద్దు’ అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

జవాబు రావడానికి 15 ఏళ్లు పట్టింది. నెదర్లాండ్స్‌లో 445 మందిపై జరిగిన ట్రయల్‌లో సగం మందికి లెవోడోపా వెంటనే మొదలుపెట్టారు, మిగతా సగానికి 40 వారాలు ఆలస్యంగా. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం 80 వారాల దగ్గర రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మందు జబ్బును ఆపలేదు, అలాగని ముదరబెట్టనూ లేదు. ఏళ్ల తరబడి వాడితే ఒళ్లు మెలికలు తిరిగే సమస్య రావచ్చు, నిజమే. డోసు దగ్గర డాక్టర్‌తో మాట్లాడుకోవాల్సిన విషయం అది. కానీ కేవలం ‘మెదడు పాడవుతుంది’ అన్న భయంతో వాయిదా వేసుకున్నవాళ్లు ఊరికే బాధపడ్డట్టే.

మరి స్కాన్‌లో వెలుగు ఎందుకు తగ్గింది? ఎక్కించిన మందు అంటుకునేది డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ అనే ప్రొటీన్‌కి. లెవోడోపా వల్ల నరం చావకుండానే ఆ ప్రొటీన్ తగ్గి ఉండొచ్చన్నది ఒక వివరణ. కిటికీలో లైటు తగ్గిందని ఇల్లు ఖాళీ అయిందనలేం కదా!

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో జీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను పుర్రెలో అమర్చిన పోర్ట్ ద్వారా నేరుగా మెదడులోకి పంపారు. స్కాన్‌లు అదిరిపోయేలా మెరుగయ్యాయి. మనుషుల్లో మాత్రం డమ్మీ తీసుకున్నవాళ్లతో పోలిస్తే నమ్మదగ్గ తేడా రాలేదు. ఇది కూడా 2019లోనే బయటికొచ్చింది.

ఇంకో చిక్కు ఏంటంటే.. చనిపోయిన పేషెంట్ల మెదళ్లను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, జబ్బు బయటపడిన నాలుగేళ్లకే ముఖ్యమైన ప్రాంతంలో డోపమైన్ నరాల కొసలు దాదాపు మాయమైపోతాయి. జబ్బు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ముదురుతూనే ఉంటుంది. మలబద్ధకం, తూలి పడిపోవడం, మతిమరుపు లాంటి వాటిలో చాలావరకు డోపమైన్ ఒక్కదానితో ముడిపడినవి కావు. ఎండిపోయిన బావిలో నీళ్ల మట్టం కొలిస్తే ఏం తెలుస్తుంది?

అలాగని పరిశోధన ఆగలేదు. హాలీవుడ్ నటుడు మైఖేల్ జె. ఫాక్స్‌కు 29 ఏళ్లకే పార్కిన్సన్స్ వచ్చింది. ఆయన పెట్టిన ఫౌండేషన్ 2010 నుంచి పేషెంట్లను ఏళ్ల తరబడి స్కాన్‌లతో ఫాలో అవుతోంది. డోపమైన్‌తో పనిలేకుండా, మెదడు కాండంలో పేరుకునే నీటి శాతాన్ని ఎంఆర్ఐతో కొలిచే పద్ధతినీ పరీక్షిస్తున్నారు. వందల మంది సగటు తీసి కొత్త మందులను పరీక్షించడానికి ఇలాంటివి అక్కరకొస్తాయి. మీ నాన్నగారి ఒక్కరి సంగతి తేల్చడానికి కాదు.

అందుకే రెండోసారి స్కాన్ అనే మాట వస్తే ‘దీనివల్ల మందులో ఏమైనా మారుస్తారా?’ అని డాక్టర్‌ని అడగండి. మాత్ర వేసుకున్నాక ఎన్ని గంటలకి మళ్లీ వణుకు మొదలవుతోంది, నెలలో ఎన్నిసార్లు పడిపోయారు.. ఇవి ఓ కాగితం మీద రాసుకుని, నడకను ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి. డోసు సరిచేయడానికి డాక్టర్ ముందుగా అడిగేది వీటి గురించే.