మన పిల్లలు: నీటిపై నేర్చే నిజాయితీ

వేసవి సెలవులు సమీపించే కొలదీ మన టౌన్‌షిప్‌లలోని తల్లిదండ్రులకు ఒక ప్రశ్న ఎదురవుతుంది: పిల్లలను ఏ శిక్షణ శిబిరంలో చేర్పించాలి? క్రికెట్, టెన్నిస్, సంగీతం, కంప్యూటరు అనే జాబితాలో తెరచాప పడవల పందెం సాధారణంగా కానరాదు. నీరంటే మనకు గల భయమే ఇందుకు ప్రధాన కారణం. అయినప్పటికీ బాలబాలికల శీలనిర్మాణానికి ఈ క్రీడ చేయగల మేలును తెలుసుకొనుట అవసరం.

చిన్నారులు తొలుత ఎక్కేది ‘ఆప్టిమిస్ట్’ అనే పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ రూపొందించిన ఈ పడవ పొడవు సుమారు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ఇందులో బాలుడైనా, బాలికైనా ఒంటరిగా కూర్చుండి, ఒక చేత చుక్కాని, మరొక చేత తెరచాప త్రాడు పట్టి నడపాలి. గాలికి ఎదురుగా నేరుగా పోవుట సాధ్యం కాదు గనుక, అటొకసారి ఇటొకసారి ఏటవాలుగా మలుపులు తిరుగుతూ గమ్యం చేరాలి. గాలి మారినప్పుడు గట్టున ఉన్న తండ్రి సలహా చెప్పలేడు. పదేళ్ల బిడ్డ తానే నిర్ణయించుకోవాలి.

అంతకంటె విశేషమైనది ఈ క్రీడ నియమావళి. సాధారణంగా ఈ పందెంలో ప్రతి పడవ వెంట న్యాయనిర్ణేత ఉండడు. రెండు పడవలు ఎదురైనప్పుడు, ఎడమవైపు నుండి గాలి తగులుతున్న పడవ, కుడివైపు నుండి గాలి తగులుతున్న పడవకు దారి ఇవ్వాలి. ఇవ్వని పక్షంలో ఆ తప్పును తానే అంగీకరించి, పక్కకు తొలగి, పడవను రెండు చుట్లు తిప్పాలి. మలుపు వద్ద తేలియాడే గుర్తును తాకితే ఒక చుట్టు తిప్పాలి. ఎవరూ చూడకపోయినా ఈ బాధ్యత తప్పదు. ఆ చుట్లు తిరిగే లోపల నాలుగు పడవలు దాటిపోవచ్చు, పతకమే చేజారవచ్చు.

అపాయంలో ఉన్నవారికి శక్తి కొలది సాయపడాలన్నది మరొక మూలనియమం. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా క్రీడాకారుడు లారెన్స్ లెమ్యూ ఒక పందెంలో రెండవ స్థానంలో సాగుతూ, పడవ తలక్రిందులై ప్రమాదంలో పడిన ఇద్దరు సింగపూర్ క్రీడాకారులను చూచి, పందెం విడిచి వెళ్లి రక్షించాడు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో ఆయనకు రెండవ స్థానమే ఇచ్చారు. అంతిమంగా పతకం రాకపోయినా, ఆయన త్యాగానికి పియర్ ద కూబెర్తాన్ పతకం లభించింది.

ఇది సంపన్నుల క్రీడ అనే అభిప్రాయం మన దేశంలోనూ సడలుతున్నది. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లాకు చెందిన రైతు బిడ్డ నేహా ఠాకూర్ భోపాల్‌లో శిక్షణ పొంది, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రజత పతకం సాధించింది. 2009లో స్థాపితమైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, హుస్సేన్ సాగర్‌పై పేద కుటుంబాల పిల్లలకు కూడా తెరచాప పట్టుట నేర్పుతున్నది.

మన కర్మాగారాలలో తృటిలో తప్పిన ప్రమాదాన్ని స్వయంగా నివేదించవలసిందిగా భద్రతా విభాగం కోరుతూనే ఉంటుంది. నివేదికలు రావడం మాత్రం కష్టం. తప్పు ఒప్పుకుంటే నష్టమే అని బాల్యంలోనే నేర్చినవారు, పెద్దయ్యాక నిర్భయంగా ఎలా చెప్పగలరు? రెండు చుట్లు తిరిగి మరల పందెంలో కలిసే బిడ్డ, తప్పు ఒప్పుకున్న తరువాత కూడా ముందుకు సాగవచ్చునని నేర్చుకుంటుంది.

పిల్లలను పంపే ముందు మూడు విషయాలు విచారించండి: ఈత నేర్పిన తరువాతనే పడవ ఎక్కిస్తున్నారా? నీటిపై ఉన్నంతసేపు లైఫ్ జాకెట్ ధరింపజేస్తున్నారా? వెంట రక్షణ పడవ ఉంటున్నదా? వీటిలో ఏ ఒక్కటి లోపించినా చేర్పించవద్దు.

ఇక నాల్గవది మన ఇంటికి సంబంధించినది. “నియమం తప్పాను, రెండు చుట్లు తిరిగాను, అందుకే వెనుకబడ్డాను” అని బిడ్డ చెప్పిన నాడు, “ఎవరూ చూడలేదు కదా!” అనే మాట మన నోట రాకూడదు. ఆ ఒక్క మాట నీరు నేర్పిన పాఠాన్ని చెరిపివేస్తుంది.