తేనెపట్టు తీయించుటకు ముందు కాగితము

మేడల సజ్జలక్రింద కొండతేనెటీగలు పట్టు పెట్టినప్పుడు ఎవరిని పిలువవలెనని సోదరీమణులు విచారించుచుందురు. పిలిచినవానితో ఏమని మాటాడుకొంటిరని మేము తిరిగి యడుగుదుము. సొమ్మెంతయో తేల్చుకొని తక్కినదంతయు గాలికి వదలుటయే మన యిండ్ల వాడుక. నాల్గుదినములకు ఈగలు మరల అచ్చటనే వ్రాలును. డబ్బు తిరిగి యిమ్మన్నచో, “నేనట్లు మాట యిచ్చితినా?” యని యతడనును. 1872 నాటి ఒడంబడికల చట్టము ననుసరించి నోటిమాటయు ఒడంబడిక కావచ్చును. దానిని రుజువు చేయుటయే కష్టము.

కావున అరఠావు కాగితము చాలును. ఏ పట్టు, ఎచ్చట నున్నది. ఈగలను ప్రాణముతో తరలింతురా, పొగవేసి తోలుదురా. ఏ వేళ పని చేయుదురు. మరల వచ్చిన నెన్నిదినములవరకు ఊరక వచ్చి తీయుదురు—ఇవి వ్రాయించుకొనవలెను. గోడసందులో చేరిన పుట్టతేనెటీగల విషయమున మఱింత జాగ్రత్త వలయును. ఈగలు పోయినను పట్టు లోపలనే యుండిన యెడల మైనము కరగి, తేనె గోడవెంట కారి చీమలు పట్టును. ఆ పట్టు తీయునదెవరు, పగులగొట్టిన గోడకు పూత వేయించునదెవరు? తేనె యెవరికని కూడ వ్రాయుడు. తగవులు దానికడనే మొదలగును.

ఇక “ఏమి జరిగినను మాకు పూచీ లేదు” అను అచ్చుకాగితము. అందు కొన్ని మాటలు న్యాయమైనవే. కొండతేనెటీగలు పాతచోటికే తిరిగి వచ్చు స్వభావము గలవి గనుక, ఎన్నటికిని రావని యే పనివాడును మాట యీయలేడు. కాని పట్టపగలు వీధిలో జనము తిరుగుచుండగా పట్టును కదలించి పదిమందిని కుట్టించినచో, ఆ యజాగ్రత్తవలని నేరమును కాగితము కడిగివేయదు. న్యాయస్థానమునకు పోనేరాదను షరతు చెల్లదు. మఱియు, వినియోగదారుని హక్కులను మిక్కిలి తగ్గించు అన్యాయపు ఒడంబడికలను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద రాష్ట్ర కమిషన్ యెదుట ప్రశ్నింపవచ్చును.

మనము సంతకము చేసినంతమాత్రమున పొరుగింటివారి హక్కు పోదు. వారు ఆ ఒడంబడికలో చేరినవారు కారు కదా. వారికి ముందుగా చెప్పి కిటికీలు మూయించుట మన పని. పెద్దలు లేని వేళ పదునాఱేండ్ల బాలికచేత సంతకము చేయించినను అది చెల్లదు.

పనివాడు జారిపడిన తమకు సంబంధము లేదని వ్రాయించుకొను గృహస్థులును గలరు. ఇది మాకు నచ్చదు. పరిహారచట్టము క్రిందికి వచ్చు యజమాని అట్టి వ్రాతతో తన బాధ్యతను వదలించుకొనజాలడు. తాడు, ముసుగు, భీమా కలవా యని మనమే యడిగి వ్రాయింతము. ఇంట ఎవరికేని ఈగకాటు పడనిచో అదియు ముందే తెలుపవలెను. రెండు ప్రతులపై సంతకములైన పిదపనే నిచ్చెన వేయనిండు.