పేరిచ్చిన సిమ్ముకు పూచీ ఎవరిది?

పేరు చెప్పకుండా, ఆధార్ చూపకుండా ఫోను కనెక్షను తీసుకోవడం సాధ్యమేనా అని ఇటీవల మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. అడిగేవారు దొంగలూ కారు, దేశద్రోహులూ కారు. అత్తింటి హింస భరించలేక బయటపడి, తానెక్కడున్నదీ భర్తకు తెలియకూడదని కోరుకునే స్త్రీ ఒకరు. వక్ఫు భూమి ఆక్రమణపై అధికారులకు సమాచారం ఇవ్వదలచి, ఇచ్చినదెవరో ఆక్రమణదారుకు మరునాటికే తెలిసిపోతుందని జంకే పెద్దమనిషి ఒకరు. పాత కేసులో నిర్దోషిగా తేలినా, ఊళ్లో ఏ అలజడి జరిగినా ముందు తన నంబరే వెదుకుతారేమోనని నిద్ర పట్టని యువకుడు ఇంకొకరు.

సమాధానం సూటిగానే చెప్పాలి. మన దేశంలో అందుకు చట్టబద్ధమైన మార్గం లేదు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మోసంతోగానీ, వేరొకరి పేరుతోగానీ సిమ్ము సంపాదిస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సందు చివరి దుకాణంలో ఎవరి పేరుమీదో పనిచేయిస్తున్న సిమ్ము ఇస్తామంటే పుచ్చుకోవద్దని మేము అందరికీ గట్టిగా చెబుతున్నాము. ముస్లిం పేరున్నవాడి జేబులో అటువంటి సిమ్ము దొరికితే అది మోసం కేసుగా మాత్రమే మిగలదని మన సముదాయానికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే అడిగినవారి అవసరం ఈ జవాబుతో తీరదు. ఒకప్పుడు ఈ అవసరాన్ని తీర్చే ఏర్పాటు ప్రతి కూడలిలోనూ ఉండేది. పసుపు బోర్డు మీద నల్లని అక్షరాలతో ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీవో అని రాసి ఉన్న గూళ్లు 1990లలో ఏ ఊరి బస్టాండులోనైనా కనిపించేవి. చాలావాటిని వికలాంగులకు కేటాయించారు. కిరాణా కొట్టు ముందు ఎర్రని కాయిన్ బాక్సు వేలాడేది. రూపాయి బిళ్ల వేసి ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడేవారు. కొడుకుతో చెప్పలేని మాట కూతురితో చెప్పుకునే తల్లీ, లంచగొండి మీద పైఅధికారికి ఫిర్యాదు చేసే చిరుద్యోగీ ఆ గూటి తలుపు వేసుకుని మాట్లాడినవారే. మాట్లాడేది ఎవరని దుకాణదారు అడగలేదు, ప్రభుత్వమూ అడగలేదు. పేరు లేకుండా మాట్లాడటం అప్పట్లో నేరమూ కాదు, అనుమానించదగిన విషయమూ కాదు. సెల్‌ఫోను వచ్చి ఆ గూళ్లు మూతపడ్డాక, ఎవరూ ప్రత్యేకంగా నిషేధించకుండానే ఆ స్వేచ్ఛ మాయమైంది.

పేరు నమోదు చేస్తే నేరస్థుడు దొరుకుతాడన్నది ప్రభుత్వ వాదన. దాన్ని 2007లో జరిగిన రెండు ఘటనల పక్కన పెట్టి చూడాలి. ఆ ఏడాది మే 18న, శుక్రవారం నమాజు వేళ హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. బాంబులకు సెల్‌ఫోన్లు అమర్చారు. వాటిలోని సిమ్ములను దొంగ గుర్తింపు పత్రాలతో కొన్నట్లు దర్యాప్తులో తేలింది. అంటే కాగితం మీద పేరు ఉన్నది, మనిషి మాత్రం లేడు. అయితేనేమి, పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. వారు హింసకు గురయ్యారని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. తరువాత వారు నిర్దోషులుగా బయటపడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది, ఆ ఉత్తర్వును కూడా హైకోర్టు కొట్టివేసింది.

మరి ఆరు వారాలకు, జులై 2న, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ విమానాశ్రయంలో కర్ణాటకకు చెందిన డాక్టర్ మహమ్మద్ హనీఫ్‌ను అరెస్టు చేశారు. ఆయన చేసిన పని ఒక్కటే. ఏడాది ముందు బ్రిటన్ విడిచి వచ్చేటప్పుడు, ఇంకా గడువు మిగిలి ఉన్న తన సిమ్మును ఒక బంధువుకు ఇచ్చారు. అది దొంగ కాగితాలతో తీసుకున్నది కాదు, ఆయన సొంత పేరు మీదిదే. గ్లాస్గో విమానాశ్రయంపై దాడికి వాడిన జీపులో ఆ సిమ్ము దొరికిందని ప్రాసిక్యూషన్ కోర్టుకు చెప్పింది. నిజానికి అది అక్కడికి వందల కిలోమీటర్ల దూరాన లివర్‌పూల్‌లో ఉన్నది. పన్నెండు రోజులు అభియోగం లేకుండా నిర్బంధించి, ఆపై అభియోగం మోపి, జులై 27న దాన్ని ఉపసంహరించుకున్నారు. విచారణ కోసం నియమించిన క్లార్క్ కమిటీ ఆయనపై సాక్ష్యమేదీ లేదని తేల్చింది. 2010లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పరిహారం చెల్లించింది.

హైదరాబాదులో దొంగ పేరుతో కొన్నవాడు పత్రాల వెనుక దాగి ఉండగలిగాడు. బ్రిస్బేన్‌లో సొంత పేరు ఇచ్చినవాడు జైలుకు వెళ్లాడు. గుర్తింపు నమోదు వల్ల నేరాల దర్యాప్తుకు ఏ మేలూ లేదని మేము అనడం లేదు. సైబర్ మోసాలతో పింఛను డబ్బు పోగొట్టుకున్న విశ్రాంత ఉద్యోగులు మా తోటివారిలోనే ఉన్నారు. మా అభ్యంతరం వేరు. నంబరు ఎవరి పేర ఉన్నదో చెప్పే కాగితం, ఆ నంబరుతో ఏ పని ఎవరు చేశారో చెప్పదు. ఈ రెంటినీ ఒకటిగా చూసినప్పుడు దెబ్బ తగిలేది ముందుగా ఎవరికో మన అనుభవమే చెబుతుంది.

ఇక ఆధార్ సంగతి. 2017 ఫిబ్రవరి 6న లోక్‌నీతి ఫౌండేషన్ కేసులో, చందాదారుల గుర్తింపు తనిఖీపై ప్రభుత్వం చెప్పిన హామీని సుప్రీంకోర్టు నమోదు చేసింది. మార్చి 23న టెలికాం శాఖ సర్క్యులర్ వెలువడేసరికి అది ప్రతి సిమ్మునూ ఆధార్‌తో తిరిగి ధ్రువీకరించాలన్న ఆజ్ఞగా మారింది. తాము అటువంటి ఆదేశం ఇవ్వలేదని మరుసటి ఏడాది విచారణలో ధర్మాసనమే వ్యాఖ్యానించింది. పెద్దలు అన్న మాటను ఉత్తర్వుగా మలచే ఈ విద్య, జీవితమంతా నోటు ఫైళ్లు రాసిన మాకు కొత్తదేమీ కాదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టివేసింది. అప్పటికే కోట్లమంది వేలిముద్ర వేసి ఉన్నారు. 2019 సవరణ చట్టం ఆధార్‌ను స్వచ్ఛందమన్న పేరుతో మళ్లీ ప్రవేశపెట్టింది. పాస్‌పోర్టు వంటివి కూడా చెల్లుతాయని చట్టంలో ఉన్నది. దుకాణంలో ఆ మాట అనేవారు అరుదు. 2023 చట్టమైతే బయోమెట్రిక్ ధ్రువీకరణకే దారి వేసింది.

వేలిముద్ర అబద్ధమాడదని నమ్మేవారు మన తెలంగాణలోనే జరిగిన ఉదంతాన్ని గుర్తు చేసుకోవాలి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ముల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపించే భూదస్తావేజుల మీది వేలిముద్రలను తీసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వాటికి నకళ్లు తయారుచేశాడు. ఆ నకిలీ వేళ్లతో వేలకొద్దీ సిమ్ములు పనిచేయించాడు. అతని లక్ష్యం ఉగ్రవాదం కాదు, కంపెనీ విధించిన అమ్మకాల లెక్క పూర్తిచేయడమే. పొలం అమ్ముకున్న రైతు పేర, అతనికి తెలియకుండా ఎన్నో నంబర్లు పుట్టాయి. ఆ నంబర్లలో ఒకటి ఏ నేరస్థుడి చేతికో చేరి, ఆ రైతు పేరు షేక్ అనో సయ్యద్ అనో ఉంటే ఏమయ్యేదో పాఠకులే ఊహించుకోవాలి.

మన పేర్ల చిక్కు మరొకటి. ఒకే మనిషి రేషను కార్డులో మహమ్మద్, ఆధార్‌లో మొహమ్మద్, పదో తరగతి మార్కుల జాబితాలో ఎం.డి., ఓటరు జాబితాలో మరొకటి. షేక్, ఎస్.కె. కూడా అంతే. ఆ తేడాలు చాలావరకు ఆయన పెట్టుకున్నవి కావు, ఉర్దూ పేరును విన్న గుమాస్తా తనకు తోచినట్లు రాసినవి. యంత్రం మాత్రం వాటిని వేర్వేరు మనుషులుగా చూసి తిప్పి పంపుతుంది. అప్పుడు మనవాడు ఏం చేస్తాడు? బావమరిది పేర సిమ్ము తీసుకుంటాడు. అది ఏ కుట్రా కాదు, విసుగు. కానీ చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ చిక్కులో పడ్డట్టే.

గుర్తింపు మీద అనుమానం సామూహిక శిక్షగా మారిన సందర్భమూ ఉన్నది. పత్రాల తనిఖీ సరిగా లేదన్న కారణంతో 2009 నవంబరులో జమ్మూ కాశ్మీరులో ప్రీపెయిడ్ సేవలను మొత్తంగా ఆపివేశారు. మరుసటి జనవరిలో గాని తిరిగి ఇవ్వలేదు. 2019 ఆగస్టు తరువాత పోస్టుపెయిడ్ వారికి అక్టోబరులో మాట దక్కగా, ప్రీపెయిడ్ వాడే పేదవారు 2020 జనవరి దాకా వేచి ఉన్నారు.

అల్ హుజురాత్ సూరా 12వ వాక్యం విశ్వాసులను పరుల రహస్యాలు వెదకవద్దని ఆదేశించింది. హజ్రత్ ఉమర్ (రజి) గురించి ధార్మిక గ్రంథాల్లో ప్రసిద్ధమైన ఉదంతం మన మసీదు ప్రసంగాల్లో వినబడుతూనే ఉంటుంది. రాత్రి గస్తీలో ఒక ఇంటి నుంచి పాట వినబడితే ఖలీఫా గోడ ఎక్కి లోపలికి దిగారు. ఆ ఇంటివాడు తన తప్పు ఒకటైతే ఖలీఫా తప్పులు మూడని లెక్క చెప్పాడు: రహస్యం వెదకడం, ద్వారం విడిచి గోడ దూకడం, అనుమతీ సలామూ లేకుండా రావడం. ఉమర్ (రజి) వెనుదిరిగారు. పాలకుడికి గస్తీ తిరిగే అధికారం లేదని ఆ ఇంటివాడు అనలేదు. ద్వారం గుండా రమ్మన్నాడు.

మేము ప్రభుత్వాన్ని అడిగేదీ అదే. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అయినా మనం ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవరు కింద నిలబడి మాట్లాడామన్న వివరాలు కంపెనీ నుంచి తెప్పించుకోవడానికి పోలీసు అధికారి లేఖ చాలు, న్యాయమూర్తి సంతకం అక్కరలేదు. తెప్పించుకున్నారన్న సంగతి మనకు ఎన్నటికీ తెలియజేయరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా కేంద్రం తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు ఉంచుకున్నది. జర్మనీలో ప్రీపెయిడ్ సిమ్ముల నమోదును 2020లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం సమర్థించిన మాట నిజమే. అయితే సేకరించే వివరాలు పరిమితమనీ, వాటిని ఎవరు ఎందుకు చూడవచ్చునో హద్దులూ పర్యవేక్షణా ఉన్నాయనీ చెప్పి సమర్థించింది. బ్రిటన్‌లో నేటికీ ప్రీపెయిడ్ సిమ్ము కొనడానికి పత్రం చూపనవసరం లేదు. ఆ రెంటిలో ఏదో ఒకటైనా మనకు ఉండాలి కదా. పేరు తీసుకోని పద్ధతి కుదరదంటే, తీసుకున్న పేరుకు న్యాయస్థానం తాళమైనా వేయాలి. దర్యాప్తు ముగిశాక, ఏ కేసూ లేదని తేలినవారికి మీ వివరాలు చూశామని తెలియజేయాలి.

రెండో కోరిక చిన్నది, ఖర్చు తక్కువ. జిల్లా ఆసుపత్రిలో, బస్టాండులో, కోర్టు ఆవరణలో పేరడగని ఫోను ఒకటి తిరిగి పెట్టాలి. బాలల సహాయానికి 1098, స్త్రీలకు 181 అని గోడల మీద రాస్తున్నారు సరే, భర్త చేతిలోనో యజమాని చేతిలోనో ఫోను ఉన్న మనిషి ఆ నంబర్లకు దేనితో చేయాలి? కడప, రాయచోటి నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడబిడ్డలకు, గుర్తింపు కార్డు యజమాని దగ్గర ఉంటే సిమ్ము దొరకని కష్టం ఏమిటో తెలుసు. అదే కష్టం ఇక్కడ పెనుగొండలోనూ పాతబస్తీలోనూ వేరే రూపంలో ఉన్నది. స్త్రీల వసతి గృహాలు తమ పూచీపై ఫోను తీసుకుని, వాడేవారి పేరు తమ రికార్డులోనే ఉంచుకునే వీలు కల్పించాలి. సంస్థల కనెక్షన్లలో కూడా వాడే ప్రతి మనిషి వివరాలూ కంపెనీకి ఇవ్వాలన్న నేటి నిబంధన వారికి వర్తించకూడదు.

అంతవరకు మన జాగ్రత్త మనం పడాలి. సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేర ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోవచ్చు, మనవి కానివాటిపై అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఈ సదుపాయం 2021లో మొదలైనది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. (అదే పేరుతో ఉన్న యాప్‌ను ప్రతి కొత్త ఫోనులోనూ ముందే పెట్టాలని 2025 చివర ఆదేశించి, విమర్శలు రాగానే వెనక్కి తీసుకున్నారు. పోర్టల్ చూడటానికి ఆ యాప్‌తో పనిలేదు.) ఎక్కడైనా జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా తేదీ, ఏ పనికి ఇచ్చారో రాసి సంతకం చేయండి. విదేశం వెళ్తూ సిమ్మును తమ్ముడికో స్నేహితుడికో వదిలి వెళ్లకండి, మూయించి వెళ్లండి.

అన్నిటికంటే తరచుగా మేము చూస్తున్న పొరపాటు ఇళ్లలోనే ఉన్నది. మన స్త్రీలు వాడే నంబర్లు అనేకం భర్త పేరో అన్న పేరో మీద ఉన్నాయి. బ్యాంకు ఖాతా, పింఛను, పిల్లల స్కాలర్‌షిప్పు అన్నిటికీ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఖులా జరిగిన మరునాడు భర్త ఆ సిమ్మును ఆపిస్తే ఆమె ఖాతా ఆమెకే తెరుచుకోదు. భర్త మరణిస్తే ఆ నంబరును తన పేరుకు మార్పించుకోవడానికి ఆయన మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని దుకాణాల చుట్టూ తిరగాలి. నిఖా కుదిరినప్పుడు మహర్ ఎంతో రాసుకుంటున్నాము. అమ్మాయి వాడే నంబరు ఎవరి పేర ఉన్నదో కూడా పెద్దలు ఆ రోజే అడిగి, వేరొకరి పేర ఉంటే ఆ వారంలోనే ఆమె పేరుకు మార్పించాలి.