సౌరఘటానికి వానాకాలమే అసలు పరీక్ష

తెల్లగుడ్డ మీద పసుపు మరక పడితే ఇంట్లో ఏం చేస్తారు? ఉతికి ఎండలో ఆరేస్తారు. కొద్ది రోజుల్లో మరక వెలిసిపోతుంది. పసుపుకు రంగునిచ్చేది కుర్కుమిన్ అనే కర్బన పదార్థం. వెలుతురును పీల్చుకోవడం వల్లనే దానికి ఆ రంగు వచ్చింది. చివరికి ఆ వెలుతురే దాని అణువులను విడగొడుతుంది. కర్బన సౌరఘటాలకు ఉన్న చిక్కు కూడా ఇలాంటిదే.

ఇప్పుడు మన కప్పుల మీద కనిపించే పలకలు ఎక్కువగా సిలికాన్‌తో చేసినవి. కర్బన సౌరఘటంలో దాని బదులు రంగు పదార్థాల వంటి కర్బన సమ్మేళనాలను పలుచటి పూతగా పూస్తారు. వెలుతురు తగిలినప్పుడు అందులో ఎలక్ట్రాను, అది వదిలిన ఖాళీ జంటగా అంటుకొని ఉంటాయి. ఆ జంట సుమారు 10 నానోమీటర్లు కదిలేలోగా రెండో రకం పదార్థం తగలాలి. అప్పుడే అవి విడిపోయి విద్యుత్తు పుడుతుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు! అందుకే రెండు పదార్థాలనూ బాగా కలిపి పూస్తారు.

1986లో చింగ్ టాంగ్ అనే శాస్త్రజ్ఞుడు రెండు పొరల కర్బన ఘటాన్ని ప్రకటించినప్పుడు దాని సామర్థ్యం 1 శాతం మాత్రమే. ఇటీవల ప్రయోగశాలల్లో చేసిన చిన్న ముక్కలు 19 శాతం దాటాయి. ఇది గొప్ప విజయమే. కాని ఈ ఒక్క అంకె చూసి చప్పట్లు కొడితే చాలదని నా అభిప్రాయం.

ఎందుకో తెలియాలంటే అరకులోయ వైపు చూడండి. తూర్పు కనుమల్లో కొన్ని గూడేలకు నేటికీ సరైన బాట లేదు. సుమారు 20 కిలోల బరువుండే గాజు పలకను అక్కడికి మోసుకుపోవాలి. ప్లాస్టిక్ పొర మీద పూసిన కర్బన ఘటాన్నైతే చాపలా చుట్టి చంకన పెట్టుకొని ఎక్కవచ్చు. దీని అవసరం అలాంటి చోటే ఎక్కువ. కాని అక్కడే దానికి శత్రువులూ ఎక్కువ. నెలల తరబడి వాన, మంచు, చెమ్మ. మూతలేని డబ్బాలో అప్పడం మెత్తబడినట్టు, అంచుల సందుల్లోంచి నీటి ఆవిరి, ఆక్సిజన్ దూరి పూతను పాడుచేస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అణువులను విరగ్గొడతాయి. వేడికి, కలిసి ఉన్న రెండు పదార్థాలు వేరుపడి ఉండలు కడతాయి.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఇవి ఊహించిన అంకెలే. 18 శాతం సామర్థ్యంతో 2 ఏళ్లు పనిచేసే ఘటం ఒకటి, 12 శాతంతో 10 ఏళ్లు పనిచేసేది మరొకటి ఉన్నాయనుకోండి. 18×2=36. 12×10=120. ఏది మేలు? పైగా రెండేళ్లకే పాడైన ఘటాన్ని మార్చడానికి ఆ కొండ ఎవరెక్కుతారు?

"ముందు సామర్థ్యం పెరగనివ్వండి, మన్నిక సంగతి తర్వాత చూద్దాం" అనేవారు ఉన్నారు. ఎక్కువ విద్యుత్తు ఇవ్వని ఘటాన్ని ఎవరూ కొనరన్న మాటా నిజమే. కాని ఎక్కువ విద్యుత్తు ఇచ్చే అణువే ఎక్కువ కాలం మన్నుతుందన్న నియమం లేదు. అందుకే అణువును ఎంచుకునేటప్పుడే రెండూ చూడాలి. సామర్థ్యం ఎంతో చెప్పిన ప్రతిచోటా, అది మొదటి విలువలో 80 శాతానికి పడిపోవడానికి ఎంతకాలం పట్టిందో కూడా చెప్పాలి.

పరీక్షలు ప్రయోగశాలలోనే ముగియకూడదు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచే పరీక్ష ఒకటుంది. అంటే సుమారు 42 రోజులు. అది అవసరమే. కాని కొండ మీది ఎండ, వాన, మంచు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కొండ పంటల కోసం చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. పంటను కొండ మీదే పరీక్షించినప్పుడు, కొండకు వెలుగివ్వాల్సిన ఘటాన్ని మాత్రం అక్కడ ఎందుకు పరీక్షించకూడదు?

మీరూ ఒక ప్రయోగం చేయండి. పసుపు నీటిలో ముంచిన మూడు గుడ్డముక్కలు తీసుకోండి. ఒకటి ఎండలో, ఒకటి ఎండలోనే గాజు పలక కింద, ఒకటి పెట్టెలో ఉంచండి. రోజూ రంగు చూసి రాసుకోండి. ఇకమీదట కొత్త సౌరఘటం గురించి ఎవరైనా గొప్పగా చెబితే, "ఎంత శాతం?" అనే అడిగి ఊరుకోకండి. "ఎన్ని వానాకాలాలు?" అని కూడా అడగండి.