‘పై నుంచి ఆర్డరు’ అనే సాకు

మన రాష్ట్రంలో ఏ అన్యాయం గురించి నిలదీసినా చివరకు వచ్చే సమాధానం ఒక్కటే: ‘పై నుంచి ఆర్డరు’. ఆ పైవారిని అడిగితే వారికీ పైన మరొకరుంటారు. అలా మెట్లెక్కుతూ పోతే చిట్టచివర మనిషి కనిపించడు, ఖాళీ కుర్చీ కనిపిస్తుంది. ఈ సాకును మేము అంగీకరించము. చట్టమూ అంగీకరించదు, ధర్మమూ అంగీకరించదు. మన సమాజం మాత్రం దానిని విని తల ఊపడానికి అలవాటుపడిపోయింది. మా అభ్యంతరమంతా అక్కడే.

2015 ఏప్రిల్ 7న వరంగల్ కేంద్ర కారాగారం నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువస్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు సమీపంలో పోలీసు వ్యానులోనే కాల్పులకు బలయ్యారు. ఆయుధం లాక్కోబోయారన్నది పోలీసుల కథనం. బేడీలతో సీట్లలో ఒరిగిపోయి ఉన్న శవాల చిత్రాలను దేశమంతా చూసింది. వారిపై ఉన్న అభియోగాలు చిన్నవి కావు. అయితే అవి నిజమో కాదో తేల్చవలసింది న్యాయస్థానం. అక్కడికి వారు చేరనే లేదు. ఆ వార్త వచ్చిన రోజుల్లో మా సుల్తానాబాద్‌లో దాని గురించి నోరు విప్పినవారు తక్కువ. విప్పిన యువకులను కూడా ‘మనకెందుకు బేటా’ అని పెద్దలు కూర్చోబెట్టారు.

నాలుగేళ్ల తరువాత, 2019 డిసెంబర్ 6న, దిశ కేసులోని నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపారు. ఆ యువ వైద్యురాలిపై జరిగిన ఘోరానికి శిక్ష పడవలసిందే. దానిలో రెండో మాట లేదు. కాని జనం వంతెన మీద నుంచి పోలీసులపై పూలు చల్లారు, స్త్రీలు రాఖీలు కట్టారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పదిమంది పోలీసులపై హత్య కేసు నడపాలని చెప్పింది. ఆ పదిమంది జాబితాలో ముస్లిం పేర్లూ ఉన్నాయి. కనుక ఇది కేవలం ‘వారు – మనం’ అన్న గొడవ కాదు. విధేయత టోపీ చూసి ఆగదు, తిలకం చూసి ఆగదు.

సాధారణ మనిషి ఇంత దూరం ఎలా వెళతాడు? 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిని పరీక్షించి చూశాడు. పత్రికా ప్రకటన చూసి వచ్చిన మామూలు ఉద్యోగులను, కార్మికులను ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు ఇవ్వమన్నాడు. షాకు ఉత్తదే, అరుపులూ నటనే; మీట నొక్కేవారికి మాత్రం ఆ సంగతి తెలియదు. పక్కన నిలబడిన కోటు మనిషి ‘కొనసాగించండి’ అంటే 40 మందిలో 26 మంది చివరి మీట దాకా, 450 వోల్టుల దాకా వెళ్లారు. వారిలో చాలామంది చెమటలు పోస్తూ, వణుకుతూ నొక్కారు. ఈ సగం కథను అందరూ చెబుతారు. మనకు పనికివచ్చేది రెండో సగం. అదే పరీక్షలో పక్కన మరో ఇద్దరిని కూర్చోబెట్టి, వారు మధ్యలో లేచి ‘మేము చేయము’ అనేలా ఏర్పాటు చేసినప్పుడు, 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. ఒకరు లేస్తే మరొకరికి లేవడానికి కాళ్లు వస్తాయి.

ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా ఫైళ్లు కదిపినవారిగా మాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాము. దౌర్జన్యంలో తుపాకి, లాఠీ పట్టేవారు కొద్దిమందే. కలం పట్టేవారు ఎక్కువ. 2023 ఆరంభంలో మెదక్‌లో ఒక ముస్లిం దినసరి కూలీని, కెమెరాలో పోలికలు కనిపించాయని, గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లారు. ఆసుపత్రి మంచం మీద నుంచి తనను ఎలా కొట్టారో చెప్పి ఆయన కన్నుమూశాడు. కొందరిని సస్పెండ్ చేశారు. కాని ఒక మనిషిని రోజుల తరబడి స్టేషనులో ఉంచాలంటే కొట్టే చేతులు మాత్రమే చాలవు. జనరల్ డైరీలో ఆ పేరు ఎక్కించకుండా వదిలేసే రైటరు కావాలి. గేటు దగ్గర భార్యను ‘ఇక్కడ లేడు’ అని పంపించే సెంట్రీ కావాలి. చూసీ చూడనట్లు దాటిపోయే తోటి ఉద్యోగి కావాలి. వీరిలో ప్రతి ఒక్కరూ ‘నేనేం చేశాను, చెప్పింది చేశాను’ అనగలరు. అదే ఈ యంత్రానికి నూనె.

నోటిమాట ఆర్డరు మంచిపనికి రావడం మేము చూడలేదు. మంచిపని చేయమనే అధికారి కాగితం మీద సంతకం పెడతాడు, వీలైతే పత్రికకు ఫోటో కూడా ఇస్తాడు! పై అధికారి ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలని, తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాతలో ధ్రువీకరించాలని కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలలో, 1964 నుంచి ఉన్నవాటిలో, 3వ నియమం చెబుతుంది. ‘సార్, ఇది రాసి ఇవ్వండి’ అన్న నాలుగు మాటలు ఎన్నో పాపాలను బల్ల మీదే ఆపేస్తాయి. అలా అన్నవారికి బదిలీ తప్పదని కూడా మాకు తెలుసు. బదిలీకి భయపడి మనిషి ప్రాణం మీదికి తెచ్చే పని చేయడాన్ని క్రమశిక్షణ అని పిలవవద్దనే మా వాదన.

పాత శిక్షాస్మృతి 76వ సెక్షను, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షను, చట్టానికి కట్టుబడి చేసిన పనికే రక్షణ ఇస్తాయి. అధికారి నోటికి కట్టుబడి చేసిన ప్రతి పనికీ కాదు. 2011లో ప్రకాశ్ కదం కేసులో సుప్రీంకోర్టు, బూటకపు ఎన్‌కౌంటరుకు పై అధికారి ఆజ్ఞ సాకు కాజాలదని తేల్చింది. న్యూరెంబర్గ్‌లో నాజీలు ఇదే సాకు చెప్పినా ఉరి తప్పలేదని గుర్తు చేసింది.

‘ఉలిల్ అమ్ర్‌కు విధేయులుగా ఉండాలని ఖుర్‌ఆన్ చెప్పింది కదా’ అనే పెద్దమనుషులు మనలో ఉన్నారు. అన్నిసా సూరాలోని ఆ ఆయతును వారు సగంలో ఆపేస్తారు. వివాదం వస్తే అల్లాహ్ వైపుకు, ప్రవక్త వైపుకు మరలించమని అదే ఆయతు చెబుతుంది. అధికారికీ సామాన్యునికీ పైన తీర్పరి ఉన్నాడనే కదా దాని అర్థం! దైవప్రవక్త (స) కాలంలో ఒక దళనాయకుడు కోపంతో మంట రాజేయించి, దానిలోకి దూకమని తన మనుషులను ఆజ్ఞాపించాడు. వారు వెనుకాడి ఆగిపోయారు. ఈ సంగతి తెలిసిన ప్రవక్త (స), దూకి ఉంటే దాని నుంచి ఎన్నటికీ బయటపడేవారు కాదని, విధేయత మంచి విషయంలోనే ఉంటుందని తెలిపారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. అబూ బక్ర్ (రజి) ఖలీఫా అయిన తొలి ప్రసంగంలోనే తనకు విధేయత షరతులతో కూడినదని ప్రకటించారు. మన మస్జిదు కమిటీ అధ్యక్షులలో అలా ప్రకటించినవారిని మేమింకా చూడవలసి ఉంది.

ఈ నేల మీద ‘నీ కాల్మొక్త బాంచెన్’ అనే మాట ఎంత పాతదో, దానిని కాదన్న చరిత్రా ఉంది. 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపారు. ఆయన పాలకుడూ ముస్లిమే, చంపినవారూ ముస్లింలే. మన వారి ఆజ్ఞ కనుక తలవంచాలని ఆయన అనుకోలేదు. 1978లో జగిత్యాలలో వేలాది రైతు కూలీలు దొరల గడీలను ధిక్కరించి ఊరేగినప్పుడు కూడా, పక్కన మరొకరు నడవడం వల్లనే ఒక్కొక్కరికీ నడిచే ధైర్యం వచ్చింది. మిల్‌గ్రామ్ గది నాలుగు గోడల మధ్య తేలినదే ఆ వీధిలోనూ కనిపించింది.

ఇక మన ఇంటి సంగతి. వినాయక నిమజ్జనం, మొహర్రం వచ్చేసరికి స్టేషనులో శాంతి కమిటీ సమావేశం పెడతారు. వెళ్లడం మంచిదే. కాని అక్కడ టీ తాగి వచ్చిన పెద్దలే, మరునాడు ‘సారు పిలిచారు’ అని మహల్లా కుర్రవాళ్లను వెంటబెట్టుకుని స్టేషనులో అప్పగించి రావడం ఎక్కడి పెద్దరికం? ఏ కేసు, ఏ సెక్షను అని అడగరు. రాయని కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టమంటే పెట్టి వస్తారు. ఇంటికి వచ్చి ‘నేనున్నానుగా, మాట్లాడాను’ అంటారు.

1996లో డి.కె. బసు తీర్పు, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షను, అరెస్టు పత్రం రాయాలని, దానిపై కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతపు గౌరవనీయుడో సాక్షి సంతకం చేయాలని చెబుతున్నాయి. ఆ ‘గౌరవనీయుడు’ మీరే, పెద్దలారా. విచారణకు పిలిస్తే నోటీసు ఇవ్వమనండి. అరెస్టు అయితే పత్రంలో తేదీ, సమయం ఉన్నాయో లేదో చదవండి. పిల్లవాడిని కళ్లారా చూసిన తరువాతే సంతకం పెట్టండి. 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టకపోతే తిరిగి వెళ్లి అడగండి. ఒక్కరే వెళ్లకండి. ఐదుగురు వెళ్లండి, ఒక న్యాయవాదిని, ఊళ్లోని మంచి మనసున్న హిందూ సోదరుడిని తీసుకువెళ్లండి. ఈసారి శాంతి కమిటీకి పిలుపు వచ్చినప్పుడు ఈ కాగితం సంగతే మొదట ఎత్తి, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించి, దాని నకలు అడిగి తెచ్చుకోండి.